మీఠాకి పర్‌హేజ్ అంటే మీఠా బంద్ కాదు

"డైట్‌లో ఉన్నాను, మీఠా బంద్." ఈమధ్య మన దావతుల్లో సలాం తర్వాత వినిపించే మాట ఇదే. షీర్ ఖుర్మా ప్యాలీ ముందుకు జరిపితే చేయి అడ్డం పెడతారు. రెండు వారాలు గడుస్తాయి. తర్వాత ఏదో వలీమాలో ఖుబానీ కా మీఠా మీద మలాయి వేయించుకుని రెండు ప్లేట్లు లాగిస్తారు. ఇంటికొచ్చాక "ఇక నావల్ల కాదు" అని డైట్‌నే తలాఖ్ ఇచ్చేస్తారు. బరువు తగ్గాలనుకున్న మనవాళ్లు నేను చూసినంతలో ఓడిపోయేది బిర్యానీ దగ్గర కాదు, ఇక్కడే.

ఇంకో రకం ఇళ్లున్నాయి. అమ్మీకి షుగర్ వచ్చిందని ఇంట్లో మీఠా చేయడమే మానేస్తారు. ఈద్ రోజు కూడా ఆమెకు ప్యాలీ ఇవ్వరు. ఆమె మాత్రం రోజుకి నాలుగు కప్పుల చాయ్ తాగుతూనే ఉంటుంది, కప్పుకి రెండు చెంచాల చక్కెరతో. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. చాయ్‌ని మీఠా అని ఎవరూ అనరు కదా!

ఇది నవ్వుకుని వదిలేసే సంగతి కాదు. దేశంలో షుగర్ వ్యాధి ఉన్నవాళ్లు 10 కోట్ల పైమాటే అని భారత వైద్య పరిశోధన మండలి జరిపిన ఇండియాబ్ సర్వే 2023లో లెక్క తేల్చింది. మన మొహల్లాల్లో ఏ గల్లీలోకి వెళ్లినా ఆ లెక్కకి గవాహీ దొరుకుతుంది. అందుకే ఈసారి ఒక సవాల్ పట్టుకుని తారీఖ్‌లోకి వెళ్దామనిపించింది. మీఠాని ఇంతగా ప్రేమించిన మన తహజీబ్‌లో ఒంటిని అదుపులో పెట్టుకోవాలనుకున్నవాళ్లు మీఠాతో ఎలా నెగ్గుకొచ్చారు?

ముందు మదీనాకి వెళ్లాలి. రసూలుల్లాహ్ (సల్లల్లాహు అలైహి వసల్లమ్)కి హల్వా, తేనె ఇష్టమని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన రివాయత్ సహీహ్ బుఖారీలో ఉంది. ఇది మన దగ్గర అందరికీ నోటికి వచ్చు. హల్వా పళ్లెం ముందు పెట్టుకున్నప్పుడు మరీ బాగా గుర్తొస్తుంది! ఆ కితాబులోనే ఉన్న ఇంకో వాకియా అంతగా గుర్తుండదు. హజ్రత్ జైనబ్ (రజి) ఇంట్లో ఆయన తేనె తాగేవారు. దాని వాసన గురించి ఇంట్లో ఒక మాట రావడంతో ఇకపై తాగనని కసమ్ చేశారు. సూరె తహ్రీమ్ మొదటి ఆయత్ ఈ సందర్భంలోనే నాజిల్ అయిందని ఆ రివాయత్ చెబుతుంది. అల్లాహ్ హలాల్ చేసినదాన్ని మీరెందుకు హరామ్ చేసుకుంటున్నారన్నది ఆ ఆయత్ సారాంశం. ముఫస్సిరీన్‌లు ఈ ఆయత్‌కి వేరే సందర్భాన్ని చెప్పే రివాయత్‌లు కూడా ప్రస్తావిస్తారు. తేనె మాట మాత్రం బుఖారీలో ఉన్నదే.

దీన్ని పట్టుకుని "చూశావా, మీఠా మానకూడదు" అని ఎవరూ ఫత్వా ఇవ్వకండి. డాక్టర్ వద్దన్నది తినకపోవడం దాన్ని హరామ్ చేసుకోవడం కాదు. అది ఇలాజ్. పొట్టలో మూడో వంతు అన్నానికి, మూడో వంతు నీళ్లకి, మూడో వంతు శ్వాసకి అన్న హదీస్ తిర్మిజీలో ఉంది. హలాల్‌ని హరామ్ చేసుకోకు అన్న మాట, పొట్ట నింపేసుకోకు అన్న మాట రెండూ ఒకే ఇంటివి. ఆ రెండింటి మధ్య ఉన్న జాగా పేరే పర్‌హేజ్. మా ఉర్దూ మీడియం బడి గోడ మీద "పర్‌హేజ్ ఇలాజ్ సే బెహతర్ హై" అని పెద్ద అక్షరాల్లో రాసి ఉండేది. పర్‌హేజ్ అంటే బంద్ చేయడమనే అప్పట్లో మాకు అర్థమైంది. హకీముల కితాబుల్లో ఆ మాటకి అర్థం వేరు.

యునానీ తిబ్‌లో స్థూలకాయానికి సిమన్-ఎ-ముఫ్రిత్ అని పేరుంది. హద్దు దాటిన లావు అని అర్థం. 1037లో చనిపోయిన ఇబ్న్ సీనా తన 'అల్-ఖానూన్'లో దీనికి ఒక పద్ధతి రాశాడు. పరిమాణంలో ఎక్కువగా ఉండి పోషణ తక్కువగా ఉండే ఆహారం తినాలి. కష్టమైన వర్జిష్ చేయాలి. హమామ్ స్నానం భోజనానికి ముందే కానివ్వాలి. మొదటి సలహా చూడండి. పళ్లెం నిండా కనిపించాలి, ఒంటికి పట్టేది మాత్రం తక్కువగా ఉండాలి. ఈరోజు డైటీషియన్ ప్లేటులో సగం కీరా, క్యారట్, ఆకుకూర పెట్టమంటే మనకి అది ఇంగ్లీషు వైద్యంలా అనిపిస్తుంది. వెయ్యేళ్ల కిందట బుఖారా నుంచి ఇస్ఫహాన్ దాకా తిరిగిన మన హకీం అన్నదీ అదే.

ఇంకో కితాబు ఉంది. నాకు దీనిమీదే ఎక్కువ మోజు. 11వ శతాబ్దపు బాగ్దాద్‌లో ఇబ్న్ బుత్లాన్ అనే క్రైస్తవ హకీం అరబీలో 'తఖ్వీముస్సిహ్హా' రాశాడు. అది గడులు గీసి నింపిన పుస్తకం. ఒక్కో తినే వస్తువుకి ఒక్కో వరుస. దాని మిజాజ్ ఏమిటి, ఫాయిదా ఏమిటి, నుక్సాన్ ఏమిటి, ఆ నుక్సాన్‌కి విరుగుడేమిటి. తర్వాతి కాలపు ఉర్దూ తిబ్బీ కితాబుల్లో కూడా ఇదే ధోరణి నిలబడింది. నఫా-ఎ-ఖాస్, ముజిర్, ముస్లిహ్, బదల్, మిక్దార్-ఎ-ఖురాక్. అంటే మేలు, కీడు, కీడుని సరిదిద్దేది, బదులుగా వాడేది, ఎంత తీసుకోవాలన్నది. చార్మినార్ పక్కనున్న నిజామియా తిబ్బీ కాలేజీలో చదువుకున్న ఏ హకీం సాబ్‌ని అడిగినా ఈ అయిదు మాటలూ గుక్క తిప్పుకోకుండా చెబుతారు.

ఈ వరుసల్లో ఎక్కడా బంద్ అన్న గడి లేదు. ఖజూర్ వేడి చేస్తుందంటే దానికి జోడీగా చల్లనిది చెబుతారు. రసూలుల్లాహ్ (స) తాజా ఖజూర్‌ని కీరాతో కలిపి తిన్నారని హదీస్‌లో ఉన్న సంగతిని హకీములు ఈ లెక్కలోనే ఉదాహరణగా చూపేవారు. తిబ్ దృష్టిలో అడగాల్సింది తినాలా వద్దా అని కాదు. ఎంత, ఎప్పుడు, దేనితో అని.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. మిజాజ్ శాస్త్రానికి క్యాలరీ తెలియదు. వేడి చల్ల జోడీ కుదిరినంత మాత్రాన చక్కెరలోని శక్తి ఎక్కడికీ పోదు. గ్రాము చక్కెరకి 4 క్యాలరీలు, కీరాతో తిన్నా అంతే. వాట్సప్‌లో తిరిగే "పొద్దున్నే తేనె నిమ్మరసం తాగితే కొవ్వు కరుగుతుంది" లాంటి నుస్ఖాలకి ఇబ్న్ సీనా పేరు అతికించడం ఆయనకి అవమానం. హకీముల నుంచి మనం తీసుకోవాల్సింది వాళ్ల మిక్దార్ నియమాన్ని.

మరి ఆ కాలపు మిఠాయిలు తక్కువ తీపివా? అలా అనుకోవడం చాలామందికి హాయిగా ఉంటుంది. పూర్తిగా సచ్ కాదు. అక్బర్ దర్బారు వంటశాల లెక్కలు అబుల్ ఫజల్ 'ఆయిన్-ఎ-అక్బరీ'లో 16వ శతాబ్దం చివర రాసిపెట్టాడు. అందులో హల్వాకి పిండి, మిస్రీ, నెయ్యి మూడూ సమానంగా తలా 10 సేర్లు! షబె బరాత్‌కి మనిళ్లల్లో చేసే హల్వా దీనికంటే తేలికగానే ఉంటుంది. జర్ద్ బిరంజ్, అంటే మన జర్దాకి మాత్రం 10 సేర్ల బియ్యానికి 5 సేర్ల మిస్రీ. ఈరోజు బియ్యానికి సమానంగా చక్కెర కుమ్మరించే నుస్ఖాలు ఫోన్‌లో ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. ఇక షీర్ బిరంజ్, అదే మన ఖీర్. 10 సేర్ల పాలు, 1 సేరు బియ్యం, 1 సేరు మిస్రీ. లీటరు పాలకి సుమారు 100 గ్రాములన్నమాట. మన ఇళ్లల్లో లీటరు పాలకి పావు కిలో దాకా వేసి, పైనుంచి మిల్క్‌మెయిడ్ డబ్బా ఒకటి వంచుతున్నాం.

అంటే కొన్ని మనకంటే తీపి, కొన్ని మనకంటే చాలా తక్కువ తీపి. అసలు తేడా దేగ్‌చీలో లేదు, బజారులో ఉంది. అదే కితాబులో ధరల పట్టిక ఉంది. గోధుమలు మన్‌కి 12 దాములు. తెల్ల చక్కెర మన్‌కి 128 దాములు. ఎర్ర చక్కెర 56. నెయ్యి 105. తెల్ల చక్కెర గోధుమలకంటే పది రెట్ల పైచిలుకు, నెయ్యికంటే కూడా ప్రియం. మన్‌కి 40 సేర్లు, కాబట్టి సేరు తెల్ల చక్కెర 3 దాముల పైనే. నీళ్లు మోసే రెండో తరగతి కూలీకి రోజుకి 2 దాములని ఆ కితాబే చెబుతుంది. రోజంతా నీళ్లు మోసినా సేరు చక్కెర రాదు, రెండో రోజు కూడా మోయాలి. ఈరోజు కిరాణా దుకాణంలో కిలో చక్కెర, కిలో గోధుమపిండి దాదాపు ఒకే ధర. ఒక్కరోజు కూలీతో పది కిలోల చక్కెర మోసుకొచ్చుకోవచ్చు.

మన మీఠాలన్నీ చక్కెర బంగారమైన రోజుల్లో పుట్టినవి. తీపి ఎక్కువైనా ఫరక్ పడేది కాదు. మామూలు మనిషికి అది ఏడాదికి కొన్నిసార్లే దక్కేది. బాద్‌షాకి ఆ ఇబ్బంది లేదు కదా అంటారా? అక్బర్ రోజుకి ఒక్కపూటే తినేవాడనీ, కడుపు నిండకముందే చేయి కడిగేవాడనీ అబుల్ ఫజల్ రాశాడు. దర్బారు రచయిత తన మాలిక్‌ని పొగిడిన మాట, కొంచెం ఉప్పు చల్లుకునే చదవాలి. అయినా ఒక సంగతి తెలుస్తుంది. వంద రకాలు వండించుకోగల మనిషిలో కూడా పొగడదగిన గుణం తక్కువ తినడమే అని ఆ కాలం అనుకుంది.

చక్కెర ఎంత అపురూపమో చెప్పే పేరొకటి మన సూఫీ సిల్సిలాల్లోనే ఉంది. 13వ శతాబ్దపు బాబా ఫరీదుద్దీన్‌ది కఠినమైన ఉపవాసాల జీవితం. ఆయన లకబ్ మాత్రం గంజ్-ఎ-శకర్, చక్కెర ఖజానా! చిన్నప్పుడు నమాజ్ అలవాటు కావాలని వాళ్లమ్మ జానమాజ్ కింద చక్కెర పెట్టేదనీ, నమాజ్ అయ్యాక బాబుకి అది దొరికేదనీ ఒక కథ. ఇది చరిత్ర కాదు, అఖీదత్. కాని కథలో చక్కెర ఎక్కడుందో చూడండి. డబ్బాలో లేదు, చాయ్‌లో లేదు. ఒక పని పూర్తయ్యాక దొరికే చిటికెడు ఇనామ్‌గా ఉంది.

ఉత్తరాదిలో చక్కెర సంగతి ఇది. మన దక్కన్‌లో మామూలు ముసల్మాన్ ఇంటి తీపి బెల్లమే. పీర్ల దగ్గరికి మలీదా తీసుకెళ్లే ఊళ్లు తెలంగాణలో, రాయలసీమలో ఇప్పటికీ ఉన్నాయి. రొట్టెని నలిపి బెల్లం కలిపి ముద్ద చేస్తారు. హిందూ ఇళ్ల నుంచీ వస్తుంది, మన ఇళ్ల నుంచీ వస్తుంది. అది పంచేటప్పుడు చూశారా? ఒక్కో అరచేతిలో ఒక్కో ముద్ద, నిమ్మకాయంత. తబర్రుక్‌ని రెండోసారి అడగరు. రజబ్‌లో కూండే ఖీర్ పూరీ అయినా, ఫాతిహా మీఠా అయినా ఇదే పద్ధతి. ఈ రస్మ్‌ల మీద మసలక్‌ల బహస్ ఉంది, దాని జోలికి నేను పోను. పంచుకునే తీపికి కొలత దానంతటదే వచ్చేదన్నదే నా మాట. దేగ్ ఎంత పెద్దదైనా మొహల్లా దానికంటే పెద్దది.

బెల్లం ఇంట్లోకి తెల్ల చక్కెర బస్తాలుగా వచ్చింది చాలా ఆలస్యంగా. 20వ శతాబ్దం మొదట్లో దేశానికి తెల్ల చక్కెర ఎక్కువగా జావా నుంచి ఓడల్లో వచ్చేది. 1932లో బ్రిటిష్ ప్రభుత్వం దేశీ చక్కెర పరిశ్రమకి రక్షణ చట్టం చేశాక మిల్లులు వరసగా లేచాయి. నిజాం రాజ్యంలో అప్పటికే మంజీరా మీద నిజాంసాగర్ తయారై ఉంది, నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో. ఆ నీళ్లతో చెరకు, ఆ చెరకుతో 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీ చుట్టూ వెలిసిన బస్తీకి శక్కర్‌నగర్ అనే పేరు పెట్టారు. ఎన్నో కుటుంబాలకి రోజీరోటీ ఇచ్చిన ఫ్యాక్టరీ అది. 2015లో మూతపడ్డాక అక్కడి మజ్దూర్ల బాధ వేరే కథ. కాబట్టి దాన్ని విలన్‌ని చేయను. కాని చక్కెర పండగ వస్తువు నుంచి రోజువారీ వస్తువైంది ఆ కాలంలోనే.

అదే సమయంలో దాని జోడీదారు కూడా వచ్చింది. అదే చాయ్. 1930ల్లో చాయ్ కంపెనీల మండళ్లు ఊరూరా ఉచితంగా కప్పులు పంచి, గోడల మీద ఇశ్తిహార్లు వేసి అలవాటు చేశాయి. మీఠాకి దినం ఉంది, జాగా ఉంది, పంచుకునేవాళ్లున్నారు. చాయ్‌కి ఇవేవీ అక్కర్లేదు. ఇరానీ హోటల్లో కూర్చుంటే ఒక కప్పు, ఆఫీసులో ఒకటి, మెహమాన్ వస్తే ఒకటి, మెహమాన్ వెళ్లాక తలనొప్పికి ఒకటి. పక్కన ఉస్మానియా బిస్కెట్లు. మన దస్తర్‌ఖాన్ మీదికి చక్కెర దొడ్డిదారిన వచ్చింది ఈ కప్పులోనే.

ఇప్పుడు లెక్క వేద్దాం. కప్పుకి రెండు చెంచాలు, రోజుకి నాలుగు కప్పులు. చెంచా 4 గ్రాములనుకున్నా రోజుకి 32 గ్రాములు, నెలకి దాదాపు కిలో, ఏడాదికి 11 కిలోల పైన. కలిపే చక్కెర, తేనె, షర్బత్‌ల లాంటివన్నీ రోజు మొత్తం శక్తిలో 10 శాతం లోపు ఉండాలనీ, 5 శాతం లోపైతే ఇంకా మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. 5 శాతం అంటే పెద్దవాళ్లకి సుమారు 25 గ్రాములు, ఆరు చెంచాలు. మన చాయ్ ఒక్కటే ఆ హద్దు దాటేసింది, ఇంకా మీఠా మాటే ఎత్తలేదు.

ఇక మీఠా. రెండు ఈద్‌లు, షబె బరాత్, మీలాద్, ముహర్రం, కూండే, వలీమాలు, అఖీఖాలు, బిస్మిల్లాలు అన్నీ కలిపి ఏడాదికి 40 సార్లు అనుకుందాం. ఉదారంగానే లెక్కిస్తున్నాను. ఒక్కోసారి చిన్న ప్యాలీలో 30 గ్రాముల చక్కెర. మొత్తం 1,200 గ్రాములు. చాయ్‌లో 11 కిలోల పైన, మీఠాలో కిలో రెండొందలు. మనం డైట్ పేరుతో బంద్ చేస్తున్నది ఈ కిలో రెండొందలని! పదకొండు కిలోలని ముట్టుకోవడం లేదు. ఈద్ నాడు ప్యాలీ వద్దనే త్యాగం కనిపిస్తుంది, నలుగురూ మెచ్చుకుంటారు. చాయ్‌లో చెంచా తగ్గిస్తే ఎవరికీ కనిపించదు.

అందుకే బరువు తగ్గాలనుకునేవాళ్లకి తారీఖ్ చూపించే తర్తీబ్ ఇలా ఉంది. ముందు చాయ్ చక్కెర తగ్గించండి. రెండు చెంచాల నుంచి ఒకటి, నెలకి అర చెంచా, నాలుక మెల్లగా అలవాటు పడుతుంది. ఇఫ్తార్‌కి ఎర్ర షర్బత్ జగ్గు రోజూ అక్కర్లేదు, జుమేరాత్‌కో జుమాకో చాలు. మీఠాకి మాత్రం దాని దినాన్ని ఉంచండి. ఆరోజు భోజనంలో అన్నం కాస్త తగ్గించి, ఇబ్న్ సీనా చెప్పినట్టు పళ్లెం సగం కచూంబర్‌తో నింపి, చివర్లో ప్యాలీ ఒక్కటి. కూర్చుని, నలుగురితో కలిసి. ఫ్రిజ్ తలుపు తెరిచి నిలబడి తినేది మీఠా కాదు.

బెల్లం, తేనె, ఖజూర్ "నేచురల్" కాబట్టి ఎంతైనా పర్లేదని అనేవాళ్లకి ఒక మాట. బెల్లానికీ చక్కెరకీ శక్తిలో పెద్ద తేడా లేదు, 100 గ్రాములకి రెండూ 400 క్యాలరీలకి అటూ ఇటూ. పాతకాలం వాళ్లు బెల్లం తిని సన్నగా ఉన్నది బెల్లం మహిమ వల్ల కాదు, బావి నుంచి నీళ్లు తోడి, పొలానికి నడిచి. ఖజూర్ మంచిదే, పీచు ఉంది, ఇఫ్తార్‌కి మూడు చాలు. పెద్ద రకం మెడ్జూల్ ఒక్కటే 60 క్యాలరీల పైన ఉంటుంది, డబ్బా పక్కన పెట్టుకుని టీవీ చూస్తే లెక్క తప్పుతుంది. ఖుబానీ కా మీఠాలో పండుకే సహజంగా తీపి ఉంది. రాత్రంతా నానబెట్టి నిదానంగా ఉడికిస్తే చక్కెర సగానికి సగం తగ్గించవచ్చు, పైన క్రీమ్ బదులు దాని గింజలోని బాదం చాలు. డబుల్ కా మీఠాకి ఇలాంటి దారి లేదు. రొట్టె ముక్కని నెయ్యిలో వేయించి పాకంలో ముంచేదాన్ని తేలిక చేస్తే అది డబుల్ కా మీఠా కాదు. దాన్ని అసలు రూపంలోనే చేయండి, చిన్న ముక్క తినండి.

షుగర్ ఉన్నవాళ్ల మిక్దార్ వాళ్ల డాక్టర్ చెప్పాలి. ముఖ్యంగా ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు ఈ లెక్కల్ని చూసి సొంతంగా నిర్ణయించుకోవద్దు. కాని డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు అమ్మీ తరఫున "మీఠా తినొచ్చా" అని అడగకండి, "వద్దు" అనే జవాబు వస్తుంది. "ఈద్ రోజు ఈ ప్యాలీతో ఇంత ఖీర్, ఆరోజు చాయ్‌లో చక్కెర లేకుండా, అన్నం తగ్గించి, కుదురుతుందా" అని అడగండి. హకీం కితాబులోని గడులన్నీ ఆ ఒక్క సవాల్‌లో ఉన్నాయి.

ఇక ఆ ఖీర్ సంగతి. ఆయిన్-ఎ-అక్బరీ లెక్కని ఒక ఇంటికి కుదించుకుంటే లీటరు పాలు, 100 గ్రాముల బియ్యం, 100 గ్రాముల చక్కెర. ఎనిమిది చిన్న ప్యాలీలవుతుంది. ప్యాలీకి 12 గ్రాముల చిల్లర, మూడు చెంచాలు, రెండు కప్పుల చాయ్‌కంటే తక్కువ. మొదటిసారి తిన్నప్పుడు తీపి తక్కువైనట్టే ఉంటుంది. అబుల్ ఫజల్ ఆ నుస్ఖాలో ఇంకో వస్తువు కూడా రాశాడు, చదివేటప్పుడు చాలామంది కంటికి ఆనదు. 10 సేర్ల పాలకి ఒక దాము ఎత్తు ఉప్పు. లీటరుకి సుమారు అర చెంచా. అది వేసి చూడండి, తక్కువ చక్కెరతోనే తీపి నాలుకకి తగులుతుంది.